లేయమ్మ బావికి ఆ పేరు వచ్చిన వైనం

పూర్వం, పల్నాటి సీమలోకి రైలు ఇంకా రాని రోజుల్లో, రాళ్ళు తప్ప మరేదీ పండదని చుట్టుపక్కలవారు వెక్కిరించే కంకరపాలెంలో, క్రీస్తు ప్రభువును నమ్ముకున్న పదిహేను కుటుంబాలు తాటాకుల మందిరం ఒకటి కట్టుకొని భయభక్తులతో జీవించేవి. ఆ పేటకు బావి లేదు. పశువుల కుంటలోని నీళ్ళే వడగట్టుకొని తాగేవారు. ఒక వేసవిలో ఆ నీళ్ళవల్లనే కలరా సోకి, తబితమ్మ అనే ఇల్లాలి భర్తనూ ఇద్దరు కొడుకులనూ ఒకే వారంలో పొట్టనబెట్టుకుంది. చంటి ఆడపిల్ల ఒక్కతె మిగిలింది.

ఇంకే తల్లికీ ఈ కడుపుకోత వద్దని, ఇక్కడ ప్రభువు తప్పక నీళ్ళిస్తాడని చెప్పి, తబితమ్మ మందిరం వెనుకనున్న రాతినేలలో గునపం దింపింది. పగలంతా కూలికి పోయి, వచ్చాక పొద్దువాలేదాకా తవ్వుకునేది. తవ్వుతూ కీర్తనలు పాడుకునేది. కన్నీళ్ళు కారుతూనే ఉండేవి, పాట మాత్రం ఆగేది కాదు.

ఆమె తోడికోడలు లేయమ్మకు ఏ లోటూ లేదు. చెట్టంత భర్త, ముగ్గురు కొడుకులు, జత ఎడ్లు, పాడిగేదె. అయినా ఆ పాట చెవినబడితే ఆమెకు అన్నం సహించేది కాదు. అన్నీ ఉన్న తనకు దినదినం భయమే, అన్నీ పోయినదాని ముఖంలో ఆ నిబ్బరం ఎక్కడిది? ఎదుటివారి నగలు చూసి కుళ్ళుకునేవారిని ఎందరినో చూశాం గాని, ఎదుటివారి నిరీక్షణను చూసి కుళ్ళుకున్నది నేనెరిగినంతలో లేయమ్మ ఒక్కతే. ఈ మాట కొంచెం సంతోషంగానే రాస్తున్నాను, ఎందుకంటే తబితమ్మ మా నాయనమ్మకు తల్లి.

ఆదివారం తబితమ్మ గునపం ముట్టదు. అది తెలిసిన లేయమ్మ తలనొప్పి నెపంతో ఆరాధన ఎగ్గొట్టి, అందరూ లోపల మోకరించి ఉన్న వేళ, ఒడ్డున పోసిన మట్టినీ రాళ్ళనూ తిరిగి గోతిలోకి తోసేది. సోమవారం వచ్చిన తబితమ్మ గట్టు విరిగిపడిందనుకొని మళ్ళీ మొదలుపెట్టేది. ఇలా ఎనిమిది వారాలు గడిచాయి.

"ఆ బండలో ఏముందనే, చచ్చేదాకా తవ్వుతావా?" అని లేయమ్మ ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"నీళ్ళుండయ్యక్కా. ఇయ్యాల కాకపోతే రేపు. ఆయన నన్నిడిసిపెట్టడు," అంది తబితమ్మ.

లేయమ్మ కడుపు మరింత మండింది. తొమ్మిదో ఆదివారం పెద్ద బండనే దొర్లించబోగా, గట్టు కూలి, ఆమె కూడా దానితోపాటు గోతిలో పడింది. బండ కాలిమీద, మట్టి రొమ్ముదాకా. కేకలు విని మందిరమంతా పరుగెత్తుకొచ్చింది. ఆమె పార ఆ మట్టిలోనే ఉండడంతో సంగతి అందరికీ అర్థమైంది. చేసుకున్నదానికి పడనీయండన్నవారూ లేకపోలేదు. తబితమ్మ ఒక్క క్షణం ఆ గోతినీ ఆ మనిషినీ చూసి, ఎన్నడూ ఆదివారం ముట్టని గునపం తీసుకొని లోపలికి దిగింది.

"కదలమాక అక్కా, నీ కాలి పక్కనే పొడుస్తన్నా," అంటూ, మట్టి తోడేసి, బండ కింద గునపం దూర్చి బలంకొద్దీ పెకలించింది. బండ లేచి లేయమ్మ కాలు విడివడింది, గునపం దిగబడిన చోట రాయి పగిలి చల్లటి నీళ్ళు ఎగజిమ్మాయి.

బావికి తబితమ్మ పేరు పెడదామని సంఘకాపరి అన్నప్పుడు, "అక్క పడకపోతే ఆ మూల నేనెప్పుడూ తవ్వేదాన్ని కాదు అయ్యగారూ, ఆమె పేరే పెట్టండి," అందట. పెట్టారు. మా ముత్తవ్వ చెమటోడ్చి తవ్విన బావిని లోకమంతా లేయమ్మ బావి అంటుంటే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది.

ఇప్పటికీ ఏటా బావి పండుగనాడు, ఆరాధన ముగిశాక నీళ్ళు తోడుకొని, ఎవరిని చూసి మన మనసు కుళ్ళుకుంటుందో వారికి మొదటి గ్లాసు ఇచ్చిన తరువాతే మనం తాగాలి. ముప్పయ్యేళ్ళుగా నా గ్లాసు లేయమ్మ మునిమనుమరాలు రత్నమ్మకే. ఆమె తాగి, చిన్నగా నవ్వి, తన గ్లాసుతో జనంలోకి పోయేది. మొన్నటి పండుగలో, తన భర్త చనిపోయిన ఏడాదే, ఆమె తన గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది.

"నన్ను చూసి కుళ్ళుకోటానికి నా దగ్గరేముందే?" అన్నాను.

"ఆయన పోయిన కాణ్ణుంచి ఒక్క రోజన్నా ధైర్యంగా లేవలేకపోతన్నా. నీది తబితమ్మ రక్తం గదా వదినా. మాకు పేరొకటేగా మిగిలింది," అంది.

ముప్పయ్యేళ్ళు ఆ పేరు కోసమే ఏడ్చిన నేను, రత్నమ్మను పక్కన కూర్చోబెట్టుకొని ఆ గ్లాసు చెరిసగం తాగాను.