రజాక్ భాయ్ నాలుగు స్వరాలు

పాటంతా వచ్చేసింది కానీ ఒక్క చోటు మాత్రం కృపానందానికి మింగుడు పడలేదు.

సికింద్రాబాద్‌లో సాక్సోఫోన్ నేర్పే ఐజాక్ మాస్టారు వయసులో ఉండగా, తనలాగే సాక్సోఫోన్ వాయించే రజాక్ భాయ్‌తో కలిసి ఒక జాజ్ రికార్డు చేశారు. ఏళ్ల తరబడి ఎక్కడా దొరకని ఆ రికార్డును ఎవరో పుణ్యాత్ములు మళ్లీ వేయించారు, అప్పటిలాగే నల్లగా, పళ్లెమంత. ఆ సాయంత్రమే విడుదల సభ. అందులో ఆ పాట వాయించాలి. రజాక్ భాయ్ ఇప్పుడు లేరు. ఆయన చోట నిలబడాల్సింది మాస్టారి శిష్యుడు కృపానందమే.

ఇంతకీ ఆ చోటేమిటంటే, పాట మధ్యలో మాస్టారి వాద్యం ఆగిపోతుంది. రజాక్ భాయ్ ఒక్కరే వాయిస్తారు. అదీ నాలుగంటే నాలుగే స్వరాలు, తిప్పి తిప్పి అవే.

“అంతటి మనిషి, చోటంతా తనకే వదిలేస్తే వాయించేది ఇదా మాస్టారూ? నేనైతే అక్కడ దుమ్ము దులిపేస్తాను. దులపనా?”

మాస్టారు కొత్త రికార్డును అట్టలోంచి తీసి, కళ్లకద్దుకుని, మళ్లీ లోపల పెట్టారు.

“సాయంత్రం చూద్దాంలేరా,” అన్నారు.

సభ కిటకిటలాడింది. పాట మొదలైంది. ఆ చోటు రాగానే మాస్టారు ఆగారు. ఇంకేం, మనవాడు గుండెల నిండా గాలి పీల్చి, దాచుకున్న హంగులన్నీ బయటికి తీశాడు. జనం ఈలలు వేశారు. ఆ ఊపులో మాస్టారు కూడా మెచ్చుకుంటున్నారేమోనని పక్కకి చూశాడు.

మాస్టారు తన సాక్సోఫోన్ రీడ్ ఊడదీస్తున్నారు. రీడ్ అంటే పెదవి ఆనేచోట ఉండే పల్చటి రెల్లుబద్ద. అది చీలిందంటే వాద్యం మూగబోయినట్టే. ఇంకోటి కోసం ఆయన జేబులో తడుముకుంటున్నారు.

ఓరి దేవుడా! తనిలా ఎగిరెగిరి పోతే ఆయన ఎక్కడ వచ్చి కలుస్తారు? ఇంతమందిలో ఆయన పరువేం కావాలి?

హంగులన్నీ అక్కడే వదిలేశాడు కృపానందం. నాలుగు స్వరాలు పట్టుకుని, అవే తిప్పుతూ, మాస్టారి చేతుల మీంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు. ఆయన కొత్త రీడ్‌ను నోట్లో తడిపి, తాపీగా బిగించి, వచ్చి పాటలో కలిశారు.

సభ అయ్యాక తెర వెనక చెమట తుడుచుకుంటూ అన్నాడు, “నా ప్రాణం పోయిందనుకోండి మాస్టారూ! సరిగ్గా అప్పుడే చీలాలా?”

మాస్టారు జేబులోంచి ఆ రీడ్ తీసి అతని చేతిలో పెట్టారు. కృపానందం దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా చిన్న గీతైనా లేదు.

“రికార్డు చేసిన రోజు మాత్రం నిజంగానే చీలిందిరా,” అన్నారు మాస్టారు. “స్టూడియో మాకు దొరికింది ఆ ఒక్క పూటే. పాట ఆగితే రికార్డూ లేదు, ఈ ఐజాకూ లేడు. ఇన్నాళ్లూ నేను తిన్నది రజాక్ పెట్టిన అన్నమే.”

ఆయన సాక్సోఫోన్‌ను ఒళ్లోకి తీసుకున్నారు. దాన్ని తుడుస్తూ అన్నారు.

“వాడూ అచ్చం ఇలాగే, నా చేతుల వైపే చూస్తూ నిలబడ్డాడు.”

బయట హాల్లో ఎవరో కొత్త రికార్డు పెట్టారు. నాలుగు స్వరాలు వినిపించాయి. కృపానందం రీడ్‌ను కళ్లకద్దుకున్నాడు.