మూడు పూసల దారం

అనగా అనగా... ఊ కొట్టేవాళ్ళు ముందుకు జరగండి, ఆవలించేవాళ్ళు గోడకు ఆనుకోండి. ఇది రాజుల కథ కాదు. సూదులూ దువ్వెనలూ పూసలూ గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగిన ఒక అవ్వ కథ. ఆమె పేరు సుంకులమ్మ. అక్షరం ముక్క రాదు. గొంతు మాత్రం పెద్దది. "పూసలో... సూదులో..." అని కేకేస్తే రెండు వీధుల అవతల కుక్కలు లేచి కూర్చునేవి.

ఆమె తిరిగే ఊళ్ళలో రేగడిపల్లె ఒకటి. ఏటి ఒడ్డున ఉండేది. ఆ ఊరి అమ్మవారి కథ తాటాకుల మీద ఉండేది. ఏటా జాతరకు కుమ్మరి వాళ్ళింటి మనిషే దాన్ని చదవాలి. నోటికి అప్పజెబితే ఒప్పుకోరు. ఊరి పెద్ద ఆకుల కట్టను మూడు చోట్ల విప్పుతాడు. విప్పిన చోటల్లా చదవాలి. చదివే మనిషి లేకపోతే ఆ ఆకులను ఏట్లో కలపాలి. చదవని తాటాకు ఇంట్లో ఉంటే అరిష్టమని వాళ్ళ నమ్మకం.

కుమ్మరి ఎర్రన్న వయసంతా ఆ కథ చదివాడు. ముసలితనంలో కళ్ళకు పొరలొచ్చాయి. ఇంట్లో మిగిలింది మనవరాలు నాంచారి ఒక్కతే. చురుకైన పిల్ల. ఆకాశంలో గద్ద పోతుంటే దాని కాళ్ళలో కోడిపిల్ల ఉందో లేదో చెప్పేది. ఒకసారి విన్న పాట మళ్ళీ వినక్కర్లేదు. కానీ తాటాకు చేతికిస్తే మాత్రం ఒక వరస చదివి, రెండో వరస వదిలేసి, మూడో వరసలో పడేది. కాసేపటికి తల పట్టుకునేది.

ఆ ఏడు జాతరకు కథంతా నోటికి నేర్చుకుని కూర్చుంది. ఊరి పెద్ద ఓబులయ్య నడిమధ్యన ఒక ఆకు విప్పాడు. నాంచారి మొదటి నుంచి ఎత్తుకుంది. జనం గొల్లున నవ్వారు. ఎర్రన్న తల దించుకున్నాడు. ఓబులయ్య చెడ్డవాడేమీ కాదు.

"వచ్చే జాతర దాకా చూద్దాం ఎర్రన్నా," అన్నాడు. "అప్పటికీ చదవకుంటే ఆకులు ఏటికే. నేను చేసేదేం లేదు."

ఇంక ఊరంతా వైద్యులే. తలకు ఆముదం పెట్టమని ఒకరు, కళ్ళకు నందివర్ధనం పూలు అద్దమని ఒకరు. మూడో వైద్యం బడి అయ్యవారి బెత్తం. మూడూ అయ్యాయి. చదువు రాలేదు.

అప్పుడొచ్చింది సుంకులమ్మ. కుండలు కాల్చే ఆవం పక్కన కూర్చుని నాంచారి చదువుతోంది. ఒక కన్ను అరచేత్తో మూసుకుని ఉంది.

"ఏమే పాపా, ఒంటికన్నుతో చదువుతాండావు?"

"రెండు కండ్లతో చూస్తే అక్షరాలు రెండవుతాయవ్వా. ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. నీ పేరు రాసినా నాకు ఇద్దరు సుంకులమ్మలు కనపడతారు."

"ఓయమ్మో! ఒక్క సుంకులమ్మనే ఊరు తట్టుకోలేకుండాది, ఇద్దరెందుకే!"

పూసలు గుచ్చేవాళ్ళు సూది బెజ్జం చూడ్డానికి ఒక కన్ను మూస్తారు. అది వాళ్ళకు చేసే పనితో వచ్చిన అలవాటు. అందుకే సుంకులమ్మకు ఆ పిల్ల తన పిల్లలాగే కనిపించింది. "మంచిదేలే, మా వాళ్ళంతా అంతే. అట్లే చదువు," అని చెప్పి వెళ్ళిపోయింది. చూడండి మరి, ఎంత తెలిసినవాళ్ళకైనా తమ ఇంటి అలవాటు తప్పుగా కనిపించదు.

పంట చేతికొచ్చే వేళకు ఆమె మళ్ళీ వచ్చింది. నాంచారి తాటాకు ముట్టుకోవడమే మానేసింది. ఒంటికన్నుతో చదివిన నాడు రెండు అక్షరాలు ఒకటయ్యేవి, నిజమే. కానీ ఆ ఒక్క కన్నూ కాసేపటికే అలిసి నీళ్ళు కారేది, రెండు కళ్ళూ తెరిస్తే మళ్ళీ మామూలే.

సుంకులమ్మ నెత్తి కొట్టుకుంది. "నా నోట మన్ను పడ! సూది గుచ్చడం క్షణం పని. చదువు అట్లా కాదే. నిన్ను చెడగొట్టిన పాపం నాదే," అంది.

గంపలోంచి ఒక ఎర్రపూస తీసింది. "దీన్నే చూడు," అంటూ నాంచారి ముక్కు వైపు మెల్లగా తెచ్చింది. మూర దూరంలో రెండు కళ్ళూ పూస మీదే ఉన్నాయి. జానెడు దూరానికి వచ్చేసరికి ఎడమ కన్ను అట్లాగే ఉంది, కుడి కన్ను మెల్లగా పక్కకు జారిపోయింది.

"ఇప్పుడు రెండు పూసలు," అంది నాంచారి.

అప్పుడే అటుగా వచ్చిన అయ్యవారు వంగి చూశాడు. "పొద్దున చదవడం మొదలుపెట్టినప్పుడు బాగానే చదువుతుంది. పోనుపోను వరసలు తప్పుతుంది. నేను బద్ధకం అనుకున్నాను," అన్నాడు. ఆ రోజు నుంచి బెత్తం అటక మీదే ఉండిపోయింది.

ఆవం పందిరి గుంజకు ఒక దారం కట్టింది సుంకులమ్మ. దానికి మూడు పూసలు గుచ్చింది. దూరాన ఎర్రది, నడుమ పసుపుది, దగ్గర నీలిది. దారం రెండో కొస నాంచారి ముక్కుకు ఆనించింది.

"పూస ఒకటి, కళ్ళు రెండు. రెండూ ఒకచోటికే రావాలి. ఎర్రది చూడు."

"దారాలు రెండయినాయవ్వా! వచ్చి ఎర్రపూస దగ్గర కలిసినాయి."

"అదే కావల్సింది. రెండు కండ్లూ ఒకచోటికి వస్తే అట్లే కనపడతాది. పసుపుది?"

"కలిసినాయి... పోయినాయి... మళ్ళీ కలిసినాయి."

"నీలిది?"

నాంచారి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నీలిపూసలు రెండున్నాయి. ఎంత చూసినా ఒకటి కాలేదు.

ఎర్రన్నకు ఒళ్ళు మండింది. "జాతర మీదికొస్తాంటే ముక్కుకు దారం పెట్టుకుని ఆటలా!"

"ఎర్రన్నా, సారె మీద మట్టి పెట్టి ఒక చెయ్యి పక్కకు తీస్తే ఏమవుతాది?"

"కుండ వంగిపోతాది."

"దీని చూపూ అంతే. కన్ను మంచిదే. రెండో కన్ను తోడు రావడంలేదు. రోజూ కాసేపు చూడనీ. నొప్పి పుడితే కండ్లు మూసుకోనీ. తిట్టొద్దు."

ఎర్రన్న లేచి గుంజకున్న దారం ముడి తానే బిగించాడు. కుండ మాట చెబితే కుమ్మరికి అర్థం కాకుండా పోతుందా?

నాంచారి రోజూ దారం పట్టింది. మొదట్లో తలనొప్పి వచ్చేది. అయ్యవారు పక్కన కూర్చుని, "పూస ఒకటి, కళ్ళు రెండు," అని అవ్వ మాటే అనేవాడు. పసుపుపూస నిలిచింది. నీలిపూస ఒకటై రెండై ఏడిపించింది. ఒకరోజు ఒకటై, ఒకటిగానే నిలబడింది. నాంచారి కేక వేస్తే ఎర్రన్న పచ్చికుండ చేతిలోంచి జారవిడిచాడు. ఆ కుండ పోయినందుకు ఆయనంత సంతోషించిన కుమ్మరి లోకంలో లేడు.

జాతర వచ్చింది. ఓబులయ్య ఒకచోట విప్పాడు. నాంచారి చదివింది. రెండోచోట విప్పాడు. చదివింది. మూడోచోట, సన్నటి అక్షరాల ఆకు విప్పాడు. నాంచారి రెండు కళ్ళూ తెరుచుకుని, ఒక్క వరసా తప్పకుండా చదివింది. తాటాకులు ఇంటికి తిరిగొచ్చాయి.

జనం వెనకాల గంప పక్కన కూర్చుని సుంకులమ్మ ఏడ్చింది. నాంచారి పరిగెత్తుకొచ్చి ఇసుకలో వేలితో ఏదో రాసింది.

"ఏమే ఇది?"

"నీ పేరవ్వా."

అవ్వ తేరిపార చూసింది. "ఇంతేనా నేను? ఎంతమంది కనపడతాండారు?"

"ఒక్కరే అవ్వా. ఒక్కరే."

ఆ తర్వాతి వానలకు సుంకులమ్మ దారిలోనే కన్నుమూసింది. ఏ ఊరని చెప్పను, ఆమెకు అన్నీ ఊళ్ళే. కబురు విని నాంచారి గంటం తీసుకుంది. కథ చివరి ఆకులో, అంతవరకు కథ చదివినవాళ్ళ పేర్ల కింద, ఆ పేరు చెక్కింది.

"చదువు రాని మనిషి పేరు ఇక్కడెందుకమ్మా?" అన్నాడు ఓబులయ్య.

"చదివింది నేను. నా కళ్ళను చదివింది ఆమె," అంది నాంచారి. ఓబులయ్య ఆ ఆకుకు దండం పెట్టాడు.

ఇప్పటికీ రేగడిపల్లెలో బిడ్డ చేతికి పలక ఇచ్చేముందు ఒక ఎర్రపూసను ముక్కు దాకా తెచ్చి చూస్తారు. కన్ను జారితే బిడ్డను తిట్టరు. గుంజకు దారం కడతారు, కళ్ళ డాక్టరుకూ చూపిస్తారు. చదవలేని పిల్లను ఎవరైనా మొద్దు అంటే, "ముందు పూస పట్టి చూశావా?" అని అడుగుతారు.

ఇక జాతరలో కథంతా అయ్యాక చివరి ఆకు విప్పుతారు. పేర్లన్నీ చదివి, ఆఖరున "పూసల సుంకులమ్మ" అంటారు. అప్పుడు ముసలివాళ్ళు గొంతెత్తి, "ఎంతమంది?" అని అడుగుతారు.

ఊళ్ళోని పిల్లలందరూ రెండు కళ్ళూ పెద్దవి చేసుకుని అరుస్తారు. "ఒక్కరే!"