కుడిచేతి ముద్ద

"మేస్టారిని మంచానికి కట్టీమంటారా, వద్దంటారా? ఒక్క మాట సెప్పండమ్మా" అని అడిగింది పైడమ్మ. అప్పటికి ఆమె కనుబొమ మీద రెండు కుట్లు పడి గంట కూడా కాలేదు.

ఆ ప్రశ్నకు సుగుణమ్మ గారు ఇచ్చిన జవాబు రాసిపెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఈమధ్య నా దగ్గర పేర్లు నిలవడం లేదు. అందుకని వాటిని ముందే చెప్పేస్తాను. సుగుణమ్మ గారు గురువు. ప్రభుత్వ పిచ్చాసుపత్రిలో ముప్పై ఆరేళ్ళు నర్సుగా పనిచేసి, ఆ తర్వాత నాగావళి ఒడ్డున, మతి చెడిన ముసలివాళ్ళ కోసం పద్దెనిమిది మంచాల ఇల్లు ఒకటి నడిపారు. పైడమ్మ శిష్యురాలు. భర్త పోయాక, నలభై దాటిన వయసులో, ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది. కొట్టింది గుంపస్వామి మేస్టారు. ఆయన పక్క మంచం తవిటయ్యది. నేను వారానికి రెండుసార్లు వెళ్ళి వాళ్ళకు పేపరు చదివి వినిపించేదాన్ని. ఇందులో నేను చూసింది కొంత, పైడమ్మ చెప్పింది కొంత.

గుంపస్వామి మేస్టారు పల్లెటూరి బళ్ళలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మాట పోయి రెండేళ్ళయింది కాని ఒంట్లో బలం పోలేదు. పైడమ్మ అన్నం పెట్టబోతే కొట్టేవారు. మాత్ర ఇవ్వబోతే కొట్టేవారు. ఆ రోజు ఆమె చేతిలోని స్టీలు గ్లాసు లాక్కుని ముఖాన కొట్టారు. అంతకు ముందే, గురువారాలు వచ్చే డాక్టరు మందు పెంచి చూశారు. ఆ మందుకు మేస్టారి మెడ వాలిపోయింది, నీళ్ళు కూడా మింగలేకపోయారు. డాక్టరే వద్దని ఆపేశారు. ఇక మిగిలింది చేతులు మంచానికి కట్టెయ్యడం.

పాత నూలు చీర చింపి చేసిన రెండు కట్లు మందుల బీరువా పక్కన మేకుకు వేలాడుతుండేవి. సుగుణమ్మ గారు తప్ప ఎవరూ వాటిని ముట్టుకోకూడదు. ఎవరిని కట్టవలసి వచ్చినా ఆవిడే కట్టాలి, విప్పేదాకా పీట వేసుకుని పక్కనే కూర్చోవాలి. అది ఆవిడ తనకు తాను పెట్టుకున్న నియమం. కట్టిన మనిషి కాళ్ళు నెల తిరక్కుండా నిలబడటం మరిచిపోతాయని ఆవిడ అంటుండేవారు. నేను వెళ్ళిన మూడేళ్ళలో ఆ కట్లు మేకు దిగడం చూడలేదు.

పైడమ్మ అడిగినదానికి సుగుణమ్మ గారు అవునని గాని కాదని గాని అనలేదు. "రెండు చేతులూ చాపు" అన్నారు.

చాపింది. ఎడమచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా దెబ్బలే. కొన్ని నల్లగా కమిలి ఉన్నాయి, కొన్ని పచ్చబారాయి. కుడిచేతి మీద గీత కూడా లేదు.

"నీది పుర్రచేతి వాటమా?"

"అవునమ్మా. శుభ్రంగా కడుక్కునే పెడతన్నాను."

"కడుక్కోలేదని ఎవరన్నారు?"

"సిన్నప్పుడు మా బళ్ళో మేస్టారు ఈ సేతి మీదే బెత్తం ఇరిగిపోయేలాగ కొట్టీవోరు. మూడో తరగతిలో బడి మానీసినాను."

సుగుణమ్మ గారు గుంపస్వామి గారి మంచం వైపు చూశారు. "ఈయనా మేస్టారే కదా" అన్నారు.

పైడమ్మకు అది తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది. మాకందరికీ అంతే. ఎన్నిసార్లు కొట్టారో ఆ ఇంట్లో ప్రతివాళ్ళూ చెప్పగలరు గాని, ఏ చేతి మీద కొట్టారో ఒక్కరూ చూడలేదు. అర్థమయ్యాక పైడమ్మ నవ్వింది. అది సంతోషం నవ్వు కాదు. "ముప్పై అయిదేళ్ళ కిందట ఆ బడినుంచి పారిపోయినాను. ఈ ముసలాయన దగ్గిర మళ్ళా సేరినానన్నమాట!"

మర్నాటినుంచి కుడిచేత్తో పెట్టడం మొదలుపెట్టింది. ముద్ద నిలిచేది కాదు. సగం పప్పు మేస్టారి బనీను మీద పడేది. పక్క మంచం మీదనుంచి తవిటయ్యకు అదొక వినోదం. తవిటయ్యకు తన కొడుకుల పేర్లు తెలియవు, తానున్నది రైలుపెట్టెలో అనుకుంటాడు, కాని వేళాకోళం మాత్రం పోలేదు. "మేస్టారండీ, ఈ పిల్ల ఈ ఏడైనా పాసవుద్దంటారా?" అనేవాడు. "నువ్వు మూసుకో తాతా, నీ స్టేషనొచ్చీసింది" అనేది పైడమ్మ.

మేస్టారు కొట్టలేదు. రెండో రోజూ కొట్టలేదు. అయిదో రోజుకు ముద్ద దగ్గరికి రాకముందే నోరు తెరవడం మొదలుపెట్టారు. తొమ్మిదో రోజున తినడం అయ్యాక పైడమ్మ కుడిచేతిని పట్టుకుని, మణికట్టు మీద రెండు వేళ్ళతో మెల్లగా తట్టారట. చెబుతూ ఆమె ఏడ్చింది. "పాసైపోనానమ్మా" అంది నాతో. ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్ళి, మరిచిపోతానేమోనని, నోటుబుక్కులో ఒక వాక్యం రాసుకున్నాను: కొట్టే చేతికి ఏదో ఒక కారణం ఉంటుంది, ఓపిగ్గా చూస్తే దొరుకుతుంది. రాసుకున్నాక ఎంతో ధైర్యంగా అనిపించింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం పెరుగన్నం. పైడమ్మ కుడిచేత్తో ముద్ద కలిపి అందించింది. మేస్టారు ఆ చేతిని చాలాసేపు చూశారు. తర్వాత పట్టుకుని, నాలుగు వేళ్ళూ కలిపి వెనక్కి విరిచారు. పైడమ్మ కేక కూడా పెట్టలేదు, మిగతావాళ్ళు బెదురుతారని. తవిటయ్య తన నడక స్టాండు తోసుకుంటూ వచ్చాడు. "మేస్టారండీ, పాసైన పిల్లనేటండీ ఇలాగ..." అంటూ మధ్యలో చెయ్యి పెట్టాడు. మేస్టారు రెండు చేతులా తోసేశారు.

తవిటయ్య తుంటి విరిగింది. ఆపరేషనుకు గుండె తట్టుకోదన్నారు పెద్దాసుపత్రిలో. ఇక లేచి నడవడని కూడా అన్నారు. స్ట్రెచరు మీద తీసుకువెళ్తుంటే, ఇది ఏ స్టేషనని రెండుసార్లు అడిగాడు.

తవిటయ్యను ఆసుపత్రిలో చేర్చి వచ్చాక, ఖాళీ మంచం పక్కన నిలబడి పైడమ్మ అంది: "నానడిగిన రోజే కట్టీసుంటే తవిటయ్య ఈపాటికి నడుస్తా ఉండును."

"అవును" అన్నారు సుగుణమ్మ గారు.

ఆ మాట వెనక ఇంకేదైనా చెబుతారేమోనని నేను ఆవిడ ముఖం చూశాను.

"కుడిసేత్తోనే పెట్టినాను కదమ్మా. మరి నానేటి తప్పు సేసినాను?"

"రెండు చేతులూ చాపు."

ఎడమచేతి మీద మచ్చలు దాదాపు మాసిపోయాయి. కుడిచేతి వేళ్ళు వాచిపోయాయి, రెండు గోళ్ళకింద నెత్తురు కనిపిస్తోంది. సుగుణమ్మ గారు ఆ వేళ్ళను ఒక్కొక్కటే కదిపి చూశారు. "విరగలేదు" అన్నారు. తర్వాత, "నీ తప్పేం లేదు. ఏ చేతిని కొట్టాలన్నది ఆయన మరిచిపోయారు" అన్నారు.

అంతసేపూ మేస్టారు మంచం మీద కూర్చుని తన ఒళ్ళో చేతులు చూసుకుంటున్నారు. ఆ మనిషిలో బడి అంటూ మిగిలిందంతా ఆ దెబ్బల్లోనే ఉండేది. ఇప్పుడు బడి పోయింది, దెబ్బ మిగిలింది. నోటుబుక్కులో నేను రాసుకున్న వాక్యం గుర్తొచ్చింది. దాన్ని కొట్టేయడానికి ఇంటికి వెళ్ళేదాకా గుర్తుంటుందా అని కూడా అనిపించింది.

సుగుణమ్మ గారు లేచి మేకు మీది కట్లు తీశారు. మంచం పట్టెలకు మేస్టారి మణికట్లు కట్టారు, ఒక్కోదానికి రెండు వేళ్ళు దూరేటంత వదులుగా. ఆవిడవి డెబ్బై నాలుగేళ్ళ చేతులు. ఒక ముడి రెండుసార్లు జారింది. మేస్టారు ప్రతిఘటించలేదు. పిల్లవాడు అక్షరం దిద్దుతుంటే చూసినట్టు ఆ ముడినే చూశారు. ఆవిడ పీట లాక్కుని పక్కన కూర్చున్నారు. ఎన్నాళ్ళు కూర్చోవాలో ఆవిడకూ తెలియదు, మాకూ తెలియదు.

పొద్దుటినుంచి ఆయన తినలేదు. పైడమ్మ వెళ్ళి మళ్ళీ పెరుగన్నం తెచ్చింది. వాచిన చెయ్యి కొంగులో దాచుకుని, ఎడమచేత్తో కలిపి, ఎడమచేత్తో ముద్ద ఎత్తింది. సుగుణమ్మ గారు కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టారు.

"ఇంక ఏ సెయ్యైతే ఏటమ్మా?" అంది పైడమ్మ. ఆమె గొంతులో కోపం కూడా లేదు. "ఆరిని కట్టీసినాం. ఆరికి తెలవదు. నా యేళ్ళు వంగవు."

సుగుణమ్మ గారు కంచంలో చెంచా వేశారు. దాన్ని తీసి పైడమ్మ కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టి, కిందనుంచి ఆ మణికట్టును తన చేత్తో పట్టుకున్నారు. మేస్టారు నోరు తెరవలేదు, తల తిప్పుకోనూలేదు.

"మనకు తెలుసు కదా. కుడిచేత్తోనే" అన్నారావిడ.