ఎడమకు లాగిన విమానం

శంషాబాద్ విమానాశ్రయంలో పైలట్ల విశ్రాంతి గదిలో కూర్చుని లోకంలోని కబుర్లన్నీ చెబుతూ, చెప్పవలసిన మనిషి అడిగినప్పుడు మాత్రం ముక్తసరిగా తేల్చేసే పానకాలరావు అనే కెప్టెన్ ఒకాయన ఉండేవాడు. ఆయన నీలాంబరి ఎయిర్‌వేస్ అనే చిన్న కంపెనీలో పనిచేసేవాడు. ఆ కంపెనీ చిన్న విమానాలను రాజమండ్రికి, కడపకు, విశాఖపట్నానికి నడిపేది.

పానకాలరావు విమానం నడపడంలో దిట్ట. కబుర్లలో అంతకన్నా దిట్ట. ఏ కంపెనీని ఎవరు కొంటున్నారో, ఎక్కడ జీతాలు ఆగాయో, ఏ విమానం ఇంజను విప్పేసి షెడ్డులో పెట్టారో, అన్నీ ఆయనకే ముందు తెలిసేవి. తెలియనివి ఆయనే కల్పిస్తాడని గిట్టనివాళ్లు అనేవారు. ఏమైతేనేం, ఆయన టీ కప్పు పుచ్చుకుని కుర్చీ లాక్కున్నాడంటే చుట్టూ నలుగురు చేరేవారు.

ఆ రోజుల్లో కంపెనీకి గడ్డుకాలం నడుస్తోంది. విడిభాగాలు విదేశాల నుంచి రావడం ఆలస్యమై కొన్ని విమానాలు షెడ్డు దాటకుండా పడి ఉన్నాయి. మిగిలినవాటిలో ఒక్కటి ఆగినా ఏదో ఒక ఊరి ఫ్లైటు రద్దయ్యేది. రద్దయితే ప్రయాణికులు కౌంటరు మీద విరుచుకుపడేవారు, పైఅధికారులు పైలట్ల మీద విసుక్కునేవారు.

పైలట్లకు ఒక నియమం ఉంది. విమానంలో ఏ లోపం కనిపించినా, దిగగానే ఇంజనీరుకు చెప్పి విమానం పుస్తకంలో రాయాలి. రాశాక ఇంజనీరు దాని సంగతి తేల్చేదాకా విమానం కదలదు. ఉపేంద్ర అనే కెప్టెన్ చిన్న చప్పుడు వినిపించినా రాసేవాడు. ఆయన రాసినప్పుడల్లా ఏదో ఒక ఫ్లైటు ఆగేది. అందుకని పానకాలరావు ఆయనకు 'రద్దుల ఉపేంద్ర' అని పేరు పెట్టాడు. ఆ పేరు గదిలో అందరి నోళ్లలోనూ నానింది. ఉపేంద్ర వినీ విననట్టు ఊరుకునేవాడు. రాయడం మాత్రం మానలేదు.

ఒకరోజు ఉదయం పానకాలరావు రాజమండ్రి వెళ్లి తిరిగి వచ్చాడు. విమానంలో ఎడమ చక్రాల బ్రేకు ఎడమ కాలి కింద, కుడి చక్రాలది కుడి కాలి కింద ఉంటుంది. శంషాబాద్‌లో దిగి బ్రేకు వేయగానే విమానం ఎడమకు లాగింది. అనుభవం ఉన్నవాడు కాబట్టి వెంటనే కుడివైపు సర్దుకుని దారిలో పెట్టాడు. పక్క సీటులో కూర్చున్న కో-పైలట్ కిరీటి ఉలిక్కిపడ్డాడు.

"రాజమండ్రిలోనూ ఇలాగే లాగింది సార్. రాసేద్దామా?" అన్నాడు.

"ఇంత చిన్నదానికా? ఇప్పుడు రాస్తే విశాఖ ఫ్లైటు రద్దయిపోతుంది. ఆ ఉపేంద్ర పక్కన నన్నూ నిలబెడతారు," అని నవ్వేశాడు పానకాలరావు.

విమానం ఆగింది. ప్రయాణికులు దిగారు. ఇంజనీరు గురునాథం మెట్లెక్కి వచ్చి, ప్రతి విమానం దగ్గరా అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఏమైనా ఉందా కెప్టెన్ గారూ?"

"ఏమీ లేదు," అన్నాడు పానకాలరావు.

పొద్దస్తమానం మాట్లాడినా అలుపెరగని పెద్దమనిషి, సరిగ్గా మాట్లాడవలసిన చోట రెండు ముక్కలతో సరిపెట్టి బ్యాగు తీసుకుని దిగిపోయాడు.

విశ్రాంతి గదిలోకి వచ్చాక ఆయన నోటికి మళ్లీ మాటలొచ్చాయి. పైలట్లు విమానాలను వాటి నంబరులోని చివరి రెండు అక్షరాలతో పిలుచుకుంటారు. ఆ ఉదయం ఆయన తెచ్చినదాని అక్షరాలు కె, సి; పైలట్ల భాషలో కిలో చార్లీ.

"మన కిలో చార్లీకి పుట్టింటి మీద బెంగ పట్టుకుందోయ్! బ్రేకు తొక్కితే చాలు, ఎడమపక్క షెడ్డు వైపు పోతానని ఒకటే మారాం," అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. ఆయన మరింత ఊపందుకుని, కాళ్లు ఎలా పెట్టాడో, స్టీరింగు ఎలా పట్టుకున్నాడో కుర్చీలో కూర్చునే చేసి చూపించాడు. "నేను కాబట్టి సరిపోయింది. వానలో అయితే తెలిసేది దాని తడాఖా!" అన్నాడు. కిరీటి కూడా నవ్వాడు. ఇంత బాహాటంగా చెబుతున్న మనిషి ఇంజనీరుకు చెప్పకుండా ఉంటాడా అని మిగతావాళ్లు అనుకున్నారు. ఒక్కరూ అడగలేదు. అడిగే అలవాటున్న ఉపేంద్ర ఆ సమయానికి కడప ఫ్లైటులో ఉన్నాడు.

గదిలో నవ్వులు నడుస్తుండగానే కిలో చార్లీ విశాఖకు బయలుదేరింది. దాన్ని తీసుకువెళ్లింది షాహిదా. ఆమె ఈమధ్యనే కెప్టెన్ అయింది. ఆమెకు శిక్షణ ఇచ్చింది పానకాలరావే. "నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఇంత నిదానమైన చెయ్యి ఇంకొకరిది లేదు," అని ఆయనే అందరికీ చెప్పుకునేవాడు.

విశాఖలో వాన పడుతోంది. షాహిదా విమానాన్ని చక్కగా దించింది. బ్రేకు వేసింది. విమానం ఎడమకు లాగింది. అలా లాగుతుందని తెలిసి ఉంటే ఆమె ముందే సిద్ధంగా ఉండేది. తెలియదు కాబట్టి సర్దుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. తడి రన్‌వే మీద ఆ క్షణం చాలా ఎక్కువ. ఎడమ చక్రాలు రన్‌వే దాటి బురదలో దిగబడ్డాయి. ప్రయాణికులు కేకలు పెట్టారు. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

కంపెనీ విచారణ మొదలుపెట్టింది. అది తేలేదాకా షాహిదా విమానం ఎక్కకూడదన్నారు.

మర్నాడు విశ్రాంతి గదిలో ఇదే కబురు.

"కొత్త కెప్టెన్ కదా, కంగారులో ఎడమ కాలు గట్టిగా తొక్కి ఉంటుంది," అన్నాడొకడు.

"మళ్లీ పక్క సీటుకు దింపేస్తారట," అన్నాడు ఇంకొకడు.

"దింపడంతో పోతుందా? లైసెన్సుకే ఎసరు వచ్చేలా ఉంది."

అందరూ అలవాటుగా పానకాలరావు వైపు తిరిగారు. ఆయన కిటికీ వైపు తిరిగాడు. నిన్న ఆయన చెప్పింది విని నవ్వినవాళ్లు అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు తలలు వంచుకున్నారు. కిరీటి టీ కప్పులోంచి కళ్లు ఎత్తలేదు.

మూల కూర్చున్న ఉపేంద్ర, "మీ దగ్గర నేర్చుకున్న అమ్మాయే కదా పానకాలరావు గారూ. ఆమె అలా తొక్కుతుందంటారా?" అని అడిగాడు.

పానకాలరావు లేచి బయటికి వచ్చాడు. ఆయనకు భయం వేసింది. నిజం చెబితే తన కెప్టెన్ పదవి పోవచ్చు. చెప్పకపోతే షాహిదాది పోతుంది. బురదలోంచి తీసిన చక్రాలు చూసి ఏం తేలుస్తారో తెలియదు. అసలు ఏమీ తేలకపోతే తాను బయటపడ్డట్టే కదా అని కూడా ఒక ఆలోచన వచ్చింది. అలా అనుకున్నందుకు ఆయనకే సిగ్గేసింది.

విచారణ జరిగే గది బయట బెంచీ మీద షాహిదా కూర్చుని ఉంది. ఆయన్ను చూసి లేచి నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

"సార్, మీరే ఒక మాట చెప్పాలి. నేను రెండు కాళ్లూ సమంగానే తొక్కానని నా నమ్మకం. కానీ అందరూ అంటూంటే నా మీద నాకే అనుమానం వస్తోంది. మీరు నేర్పేటప్పుడు నా ఎడమ కాలు ఎప్పుడైనా బరువుగా పడేదా? నా మనసు నొచ్చుకుంటుందని చూడకండి. నిజం చెప్పండి."

పానకాలరావుకు అప్పుడు అర్థమైంది. తాను చేసిన తప్పును ఈ పిల్ల తన కాళ్లలో వెతుక్కుంటోంది.

"లేదమ్మా. నీ కాలికేం దోషం లేదు. ఆ విమానం నా చేతిలోనూ లాగింది. నాకు ముందే తెలుసు," అన్నాడు.

షాహిదా సూటిగా అడిగింది.

"ఎవరికైనా చెప్పారా సార్?"

"చెప్పాను. గదిలో ఉన్న అందరికీ చెప్పాను."

"బాగు చేసే గురునాథం గారికి చెప్పలేదు. నడపబోయే నాకు చెప్పలేదు," అంది షాహిదా. ఆమె గొంతు పెంచలేదు. మళ్లీ బెంచీ మీద కూర్చుంది.

పానకాలరావు తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, విచారణ అధికారికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రాజమండ్రిలో లాగిందనీ, శంషాబాద్‌లో లాగిందనీ, ఇంజనీరు అడిగితే ఏమీ లేదన్నాననీ ఒప్పుకున్నాడు. తర్వాత కిరీటి కూడా వచ్చి అవునన్నాడు.

గురునాథం చక్రాలు విప్పి చూస్తే కుడి బ్రేకు సరిగ్గా పట్టడం లేదని తేలింది. ముందే తెలిసి ఉంటే ఒక్క పూటలో సరిచేసేవాడినని చెప్పాడు. ఆ ఒక్క పూట విమానం ఆపడానికి పానకాలరావు వెనకాడినందుకు, కిలో చార్లీ వారాల తరబడి విశాఖలోనే ఉండిపోయింది. అది నడవవలసిన ఫ్లైట్లన్నీ రద్దయ్యాయి. పానకాలరావును కెప్టెన్ సీటు నుంచి దింపి, మళ్లీ శిక్షణకు పంపారు. షాహిదా తప్పేమీ లేదని తేల్చి ఆమెను మళ్లీ విమానం నడపమన్నారు.

ఆమె మళ్లీ విమానం ఎక్కిన రోజున పానకాలరావు ఆమె దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాడు. "క్షమించాను సార్. కానీ బ్రేకు వేసేటప్పుడల్లా నా కాళ్లకేసి చూసుకునే అలవాటు పట్టుకుంది. అదెప్పుడు పోతుందో తెలియదు," అని ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది.

నీతి: లోపం కనిపిస్తే దాన్ని సరిచేయగల మనిషికి చెప్పాలి, అక్కడ చెప్పకుండా ఎంతమందికి చెప్పినా చెప్పనట్టే లెక్క.