చెక్క ఎందుకు పేలింది?

అనగనగా ఒక కొండ. ఆ కొండ నిండా అడవి. ఆ అడవిలో వరాలమ్మ అనే కొండముచ్చు ఉండేది. బూడిదరంగు ఒళ్ళు, నల్లటి ముఖం, పొడవాటి తోక.

వరాలమ్మ చేతి చెక్కలంటే అడవికంతా ఇష్టం. కొరికితే కరకరమనేవి. నమిలితే గుల్లగా విరిగిపోయేవి. ఏటా వానలు మొదలయ్యే ముందు ఆవిడ గంపెడు చెక్కలు వేయించి పెట్టేది. ముసురు పట్టాక ఎవరూ గూడు దాటలేరు కదా. అప్పుడు తలా నాలుగు పంచేది.

ఆ ఏడు ఆవిడకు కొడుకు పుట్టాడు. ఇరవై రోజుల పసివాడు. కొండముచ్చు పిల్లలు తల్లి పొట్టను కరుచుకొని ఉంటారు. తల్లి ఎటు వెళితే అటే. పొయ్యి దగ్గరికైనా అంతే.

పక్క చెట్టు మీద దేవాంగపిల్లుల కాపురం. మీరు చూసి ఉండరు. పేరుకే పిల్లి, పిల్లి కాదు. పిడికెడంత ఉంటుంది. ముఖంలో సగం కళ్ళే. ఆ ఇంట్లో కాటుక అని ఒక ఆడపిల్ల. కళ్ళ చుట్టూ నల్లగా ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఆ జాతి పగలంతా నిద్రపోతుంది. కాటుక మాత్రం నిద్ర ఆపుకొని ఎవరేం చేస్తున్నా చూస్తూ కూర్చునేది. చీమ ఆకు మోస్తే చూసేది. సాలీడు గూడు అల్లితే చూసేది. చూసి ఊరుకునేది కాదు. ఎందుకు అని అడిగేది.

ఒకరోజు మధ్యాహ్నం వరాలమ్మ మూడు రాళ్ళ పొయ్యి వెలిగించింది. మూకుడులో ఇప్పనూనె పోసింది. బియ్యప్పిండిలో నానిన పెసరపప్పు, నువ్వులు, కారం, ఉప్పు వేసి గట్టిగా కలిపింది. నిమ్మకాయంత ఉండ తీసుకుంది. నూనె రాసిన మోదుగాకు మీద పెట్టి పల్చగా వత్తింది. ఈతముల్లుతో అక్కడక్కడ గుచ్చింది.

కాటుక వచ్చి కొమ్మ మీద కూర్చుంది. కింద ముళ్ళపంది తాయారు అప్పటికే కూర్చుని ఉంది. విరిగిన ముక్కలు మొదట ఆవిడకే దక్కాలి.

వరాలమ్మ చిటికెడు పిండి నూనెలో వేసింది. అది మునిగి వెంటనే పైకి తేలింది. ఎందుకు తేలిందని కాటుక అడిగింది. నూనె కాగిందని చెప్పడానికి, అంది వరాలమ్మ.

మొదటి వాయి వేసింది. చెక్కల చుట్టూ బుడగలు లేచాయి. బుడగలు ఎందుకని కాటుక అడిగింది. పిండిలో తడి ఉంటుందనీ, వేడికి అది ఆవిరై పారిపోతుందనీ, తడంతా పోతేనే కరకరమంటుందనీ వరాలమ్మ చెప్పింది. కాటుక చెవులు నిక్కించింది. నిజమే, కాసేపటికి చిటపటలు తగ్గాయి. బుడగలూ తగ్గాయి. అప్పుడు వరాలమ్మ చెక్కలు తీసింది. బంగారు రంగులో ఉన్నాయి.

రెండో వాయికి వత్తుతుంటే కాటుక మళ్ళీ అడిగింది.

"పిన్నీ, ముల్లుతో ఎందుకు గుచ్చుతున్నావు?"

వరాలమ్మ చెయ్యి ఆగింది. ఆ మాట ఆవిణ్ణి ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

"మా అమ్మ గుచ్చేది. నేనూ గుచ్చుతున్నా."

"మీ అమ్మ ఎందుకు గుచ్చేది?"

"వాళ్ళమ్మ గుచ్చిందని."

"ఆవిడ?"

"ముందు నువ్వు కాస్త అవతలికి జరుగు."

తాయారు ముక్క నములుతూ నవ్వింది. ఈ పిల్లకు సమాధానం చెప్పాలంటే పై లోకంలో ఉన్న ముత్తవ్వను దింపాలి వదినా, అంది.

మూడో వాయి వేళకు మబ్బు కమ్మింది. ఎక్కడో ఉరిమింది. పొయ్యి ఆరుబయట ఉంది. వరాలమ్మకు తొందర పుట్టింది. ముల్లు రాయి మీద పడేసింది. గబగబా వత్తి, వత్తినవి వత్తినట్టే నూనెలో జార్చింది.

కాటుక వంగి చూసింది. ఈసారి బుడగలు సరిగ్గా రావడం లేదు. ఒక చెక్క కప్ప గొంతులా ఉబ్బుతోంది.

"పిన్నీ, అది..." అంది.

అంతే. ఢప్పుమని చెక్క పేలింది. నూనె ఎగిరింది. ఒక చుక్క పసివాడి చెవి మీద పడింది. వాడు కెవ్వుమన్నాడు.

వరాలమ్మ ఒక్క గెంతు వెనక్కి గెంతింది. వాగు దగ్గరికి పరిగెత్తి చల్లటి నీళ్ళు పోసింది. పోస్తూనే ఉంది. చెవి మీద నువ్వుగింజంత బొబ్బ లేచింది. అంతే. ఇంకో వేలెడు ఇటు పడితే కన్ను ఉండేది కాదు. వాడు ఏడుపు ఆపాడు. ఆవిడ నీళ్ళు పోయడం ఆపలేదు.

బెదిరిన తల్లికి కారణం కావాలి. దగ్గర్లో ఏది దొరికితే దాన్నే పట్టుకుంటుంది.

పొయ్యి దగ్గరికి తిరిగి రాగానే తాయారు అందించింది. "పిల్ల నోరు తెరవడమేమిటి, చెక్క పేలడమేమిటి. ఆ కళ్ళు చూశావా వదినా? దిష్టి కళ్ళు అవి."

వరాలమ్మ తలెత్తింది. కొమ్మ మీద రెండు పెద్ద కళ్ళు ఆవిడ కొడుకునే చూస్తున్నాయి.

"పోవే ఇక్కణ్ణించి," అంది. "నా పిల్లాణ్ణి చూడకు. నువ్వు దేన్నీ చూడకు."

కాటుక ఇంటికి వెళ్ళిపోయింది.

మాటకు కాళ్ళుండవు. తాయారుకు నాలుగున్నాయి. తెల్లారేసరికి అడవంతా తెలిసింది. ఉడుత వడియాలు ఎండబెడుతోంది. కాటుక వస్తే ఆకులు కప్పేసింది. నెమలి గుడ్ల మీద కూర్చుంది. కాటుక వస్తే రెక్కలు ఇంకా దగ్గరికి లాక్కుంది. సాలీడు గూడు అల్లుతోంది. కాటుక వస్తే సగంలో ఆపేసి ఆకు చాటుకు పోయింది.

కాటుక ఇంటికి వెళ్ళి తల్లిని అడిగింది.

"అమ్మా, నా కళ్ళలో ఏముంది?"

తల్లి దగ్గరికి తీసుకుంది. కళ్ళే ఉన్నాయమ్మా, అంది. ఆ జవాబు కాటుకకు చాలలేదు.

ఆ సాయంత్రం నుంచి నాలుగు రోజులు వాన కురిసింది. అయిదో రోజు తెరిపి ఇచ్చింది. గంప సగమే నిండింది కదా, వరాలమ్మ మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఈసారి అన్ని జాగ్రత్తలూ తీసుకుంది. పొయ్యి చుట్టూ తాటాకు తడికెలు కట్టింది. ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి నిప్పులో వేసింది. పసివాణ్ణి తాయారుకు అప్పగించి దూరంగా కూర్చోబెట్టింది. తాయారు ముళ్ళు అణుచుకొని, వాణ్ణి మెత్తటి పొట్ట మీద పడుకోబెట్టుకుంది.

ఇక ఎవరి కన్నూ పడదు. మరి భయమెందుకు? మళ్ళీ వాన రాకముందే గంప నిండాలి. వరాలమ్మ ముల్లు ముట్టుకోలేదు. అన్నీ వత్తింది. వత్తినట్టే వేసింది.

ఒకటి పేలింది. నూనె తడికె మీద పడింది.

ఇంకొకటి పేలింది. పొయ్యిలో పడి మంట లేచింది.

మూడోది పేలింది. ఆవిడ ముంజేతి మీద పడింది.

వరాలమ్మ చెయ్యి పట్టుకొని నేల మీద కూలబడింది. చుట్టూ చూసింది. నాలుగు వైపులా తడికె. పైన ఆకాశం. కాకి కూడా లేదు. ఇక్కడ చూసిన కళ్ళు రెండే. అవి తనవే.

మంట మీద మట్టి కొట్టింది. చేతి మీద నీళ్ళు పోసుకుంది. కొడుకును తీసుకొని పొట్టకు హత్తుకుంది. పక్క చెట్టు వైపు నడిచింది. ఎక్కడికి వదినా అంటూ తాయారు వెంటబడింది.

చెట్టు కింద కాటుక తల్లి కూర్చుని ఉంది. పైన కాటుక ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు వెళుతోంది. చేతులతో తడుముకుంటూ వెళుతోంది. నుదుటి మీద బొప్పి ఉంది. మోచెయ్యి గీరుకుపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"దానికేమైంది?" అంది వరాలమ్మ.

"కొమ్మ అందక పొద్దున పొదలో పడింది."

"కళ్ళు మూసుకుందేం?"

కాటుక తల్లి ఆవిడ ముఖంలోకి చూసింది. గొంతు పెంచలేదు.

"దేన్నీ చూడొద్దన్నావుగా చెల్లీ. మాట వినే పిల్ల."

వరాలమ్మ ఆ పొద వైపు చూసింది. కాలిన చెయ్యి మంట కూడా తెలియలేదు. కింద పొద ఉంది కాబట్టి సరిపోయింది. బండ ఉంటే? ఆ తల్లి అయిదు రోజులుగా ఈ చెట్టు కింద కూర్చోవడం వరాలమ్మకు కనిపిస్తూనే ఉంది, ఎందుకో అప్పుడు తెలిసింది. పడితే పట్టుకోవడానికి.

వరాలమ్మ చెట్టెక్కింది. కాటుక పక్కన కూర్చుంది. కాటుక వాసన పట్టి ఒళ్ళు ముడుచుకుంది.

ఆ రోజు నువ్వేం చూశావమ్మా, అని అడిగింది వరాలమ్మ. ముందే అడగాల్సిన మాట అది.

కాటుక కళ్ళు తెరవకుండానే చెప్పింది. మొదటి రెండు వాయిల్లో ప్రతి చెక్కకూ చిల్లులున్నాయట. ప్రతి చిల్లులోంచీ బుడగలు దారంలా వచ్చాయట. మూడో వాయికి పిన్ని ముల్లు పక్కన పడేసిందట. చిల్లులు లేవట.

"ఆవిరి బయటికి రావాలి కదా పిన్నీ. దానికి వాకిలి లేదు. అందుకే ఉబ్బింది. అది చెబుదామనే పిలిచాను."

వరాలమ్మ కొమ్మ పట్టుకుంది. తరతరాలుగా ఆ ఇంటి ఆడవాళ్ళు ముల్లు గుచ్చుతున్నారు. ఎందుకో ఎవరూ అడగలేదు. అడిగింది ఒక్కతే. చూసిందీ ఒక్కతే. ఆ ఒక్కదాన్నే తను తరిమింది.

కింద తాయారు నోరు తెరుచుకొని వింటోంది. వరాలమ్మ కిందికి చూసింది.

"దిష్టి కాదు తాయారూ. నేను ముల్లు గుచ్చలేదు. తప్పు నాది. వెళ్ళి అందరికీ చెప్పు. ఆ మాట ఎంత వేగంగా మోశావో ఈ మాటా అంత వేగంగా మొయ్యి."

తాయారు నసిగింది. ఇలాంటి మాట అంత తొందరగా నడవదని గొణిగింది. పోతూ పోతూ ఆగింది.

"ముల్లే కావాలంటే నన్నడగొచ్చుగా వదినా. ఒంటి నిండా అవే మోస్తున్నా."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ వెళ్ళిపోయింది.

"ఇక కళ్ళు తెరువమ్మా," అంది వరాలమ్మ.

కాటుక తల అడ్డంగా ఊపింది.

"తెరిస్తే ఏదైనా పేలితే?"

పేలదని చెప్పింది వరాలమ్మ. కాటుక నమ్మలేదు. ఒట్టు వేసింది. నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? ఆ పిల్లకు కళ్ళంటే భయం నేర్పింది మాటే. మాటతో అది పోదు.

వరాలమ్మ తన పొట్టను పట్టుకున్న పసివాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. దిష్టి భయంతో పుట్టినప్పటి నుంచి ఎవరికీ వాణ్ణి తేరిపార చూసే వీలివ్వలేదు ఆవిడ. వాణ్ణి తీసి కాటుక ఒళ్ళో పెట్టింది. కాటుక చిన్నది, వాడు బరువు. వరాలమ్మ కింద తన చెయ్యి ఆనించింది. కాలిన చెయ్యే.

"వీణ్ణి చూడు," అంది.

కాటుక కదల్లేదు. వాడు కదిలాడు. చిన్న చేత్తో ఆమె ముక్కు పట్టుకున్నాడు.

కాటుక ఒక కన్ను కొంచెం తెరిచింది. వెంటనే మూసింది. ఆగి విన్నది. ఏమీ పేలలేదు. మళ్ళీ తెరిచింది. ఈసారి రెండోది కూడా. వాడు ఆ రెండు పెద్ద కళ్ళలోకి చూశాడు. చూసి ఆవులించాడు.

కింద చెట్టు మొదట్లో కూర్చున్న తల్లి లేచి నిలబడింది. పైకి చూసింది. అయిదు రోజుల తర్వాత ఇంట్లోకి వెళ్ళి పడుకుంది.

కాటుక చాలాసేపు వాణ్ణే చూసింది. చెవి మీద బొబ్బ చూసింది. వేళ్ళు చూసింది. ముఖం చూసింది. వరాలమ్మ ముఖమూ చూసింది.

"పిన్నీ, నీ ముఖం నల్లగా ఉంది. వీడిది ఎర్రగా ఉందేం?"

వరాలమ్మ నోటి దాకా ఒక జవాబు వచ్చింది. మా అమ్మ చెప్పేది, అనబోయింది. అనలేదు.

"నాకు తెలీదమ్మా," అంది. "రోజూ వచ్చి చూడు. ఎప్పుడు నల్లబడతాడో నాకూ చెప్పు."

నీతి: తప్పు ఎక్కడ జరిగిందో చూసిన కళ్ళను అడగాలి. ఆ కళ్ళ మీదే తప్పు మోపకూడదు.