మొక్కనన్న రాకుమారుడు

అనగనగా ఒక రాజుగారు. ఆయన పేరు సుబాహుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు: జయంధరుడు, రణధీరుడు, కడగొట్టువాడు మణిధరుడు.

ఒకనాడు ముసలి పడవవాడొకడు గుండెలు బాదుకుంటూ కొలువుకి వచ్చాడు.

"మహారాజా! ఏడు సముద్రాల అవతల మాది నీలద్వీపం. ధూమకేశుడనే మాంత్రికుడు వచ్చిపడి, అందరూ నాకే మొక్కాలన్నాడు. మేం గంగమ్మకి మొక్కుతాం. కొండవాళ్లు సూర్యుడికి మొక్కుతారు. ఎవరికీ మొక్కనివాళ్లూ ఉన్నారు. కాదన్నవాళ్లనల్లా రాళ్లు చేసేశాడు. నా కూతురు చెంగలి కూడా రాయైపోయింది!"

పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్లాడు. తిరిగి రాలేదు. రెండోవాడు పది ఓడలతో వెళ్లాడు. వాడూ తిరిగి రాలేదు. అప్పుడు మణిధరుడు బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున ఒక తాబేలు వలలో చిక్కుకుని గిలగిల్లాడుతోంది. మణిధరుడు వల కోసి విడిపించాడు.

"నా వీపెక్కు నాయనా!" అంది తాబేలు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు! దారిలో తాబేలు రహస్యం చెప్పింది.

"వాడి ప్రాణం మేడమీది చిలకలో ఉంది. ఆ చిలక రోజూ మూడుపూటలా వాడి పేరు జపించాలి. ఒక్క పూట తప్పిందా, వాడు చచ్చాడే!"

మణిధరుడు మేడ ఎక్కాడు. పంజరం తెరిచి కత్తి ఎత్తాడు. చిలక గజగజ వణికిపోయింది.

"చంపకు బాబూ! నేనేం పాపం చేశాను?"

మణిధరుడికి చెయ్యాడలేదు. కత్తి దించేశాడు.

"మరి వాడి పేరెందుకు జపిస్తున్నావు?"

"మానేస్తే వాడితోపాటు నేనూ చస్తానన్నాడు."

"నీ మనసుకి ఏం పాడాలనుంది?"

చిలక కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ మాట నన్నింతవరకూ ఎవరూ అడగలేదు" అంది.

అంతలో దబదబమని అడుగులు! ధూమకేశుడు ఊడిపడ్డాడు.

"నాకు మొక్కు!"

"మొక్కను!"

మణిధరుడి పాదాలు రాయైపోయాయి.

"మొక్కుతావా లేదా?"

"మొక్కను!"

నడుందాకా రాయైపోయాడు.

"ఇదే ఆఖరు. మొక్కు!"

"చంపినా మొక్కను!"

మెడదాకా రాయి! సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం జపం వేళయింది. మాంత్రికుడు చిలకవైపు తిరిగి, "ఊఁ, నా పేరు చెప్పవే!" అని గద్దించాడు.

చిలక మణిధరుడి ముఖం చూసింది. చస్తే చచ్చాననుకుంది. గొంతెత్తి, చిన్నప్పుడు తల్లి నేర్పిన పాట అందుకుంది.

"వెలుగుల సామీ, పైకి రావయ్యా! నా రెక్కకు వెచ్చన, నా గూటికి వెలుగయ్యా!"

ధూమకేశుడు కెవ్వుమని అరిచి, పొగై, గాలిలో కలిసిపోయాడు. చిలక చావలేదు! వాడు చెప్పింది పచ్చి అబద్ధం. రెక్కలు టపటపలాడించుకుంటూ కొండలకేసి ఎగిరిపోయింది.

మణిధరుడి ఒంటిమీది రాయి కరిగిపోయింది, మేడ దిగి వచ్చాడు. ద్వీపమంతా రాళ్లు కదిలాయి, మనుషులై లేచాయి. అన్నలిద్దరూ లేచారు. చెంగలి కూడా లేచి, తన కోసం మెడదాకా రాయైన రాకుమారుణ్ణి చూసింది. అతను ఆమెను చూశాడు. ఇంకేముంది!

"నన్ను పెళ్లాడతావా?" అన్నాడు.

"ఆడతాను. కానీ మా గంగమ్మను వదలను."

"ఎవరు వదలమన్నారు?"

అంతలో తన పడవలో ద్వీపం చేరుకున్న ముసలి పడవవాడు పొంగిపోయి అందరినీ ఓడెక్కించాడు. కానీ కోటగుమ్మంలో రాజుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నా కోడలు మా కులదేవతకే మొక్కాలి. ఆ గంగమ్మను సముద్రంలో వదిలేశాకే లోపలికి రావాలి."

చెంగలి వెనక్కి తిరిగింది. మణిధరుడూ ఆమెతోపాటే తిరిగాడు. అప్పుడు జయంధరుడు ముందుకొచ్చాడు.

"నాన్నగారూ, మూడు నెలలు ఎండకీ వానకీ రాయినై నిలబడ్డాను. నన్ను రాయిని చేసింది ఈ మాటే."

రాజుగారి చెయ్యి కిందికి జారింది. తరవాత మెట్లు దిగివచ్చి చెంగలి ముందు నిలబడ్డారు.

"తప్పయింది తల్లీ. మీ గంగమ్మకి ఏ పూలు పెడతారో చెప్పు, తెప్పిస్తాను."

పెళ్లి రెండుసార్లు జరిగింది: పొద్దున్న కోటలో, సాయంత్రం సముద్రం ఒడ్డున. సాయంత్రం పెళ్లిలో రాజుగారే మోకాలిలోతు నీళ్లలో నిలబడి పూలబుట్ట పట్టుకున్నారు. తరవాత ముగ్గురన్నదమ్ములూ కలిసి అరవై ఏళ్లు చల్లగా రాజ్యమేలారు. ఆ అరవై ఏళ్లలో నువ్వెవరికి మొక్కుతావని ఆ కోటగుమ్మంలో ఎవరినీ ఎవరూ ఆపలేదు.