శెట్టి చెయ్యి తగిలిన బుట్ట

పూర్వం ఒక రేవుపట్నంలో వరహాలశెట్టి అనే షావుకారు ఉండేవాడట. ఆయన సొమ్ము పెట్టిన ఓడ ఏదీ ఖాళీగా తిరిగిరాలేదు. సాక్షాత్తూ లక్ష్మీదేవే ఆయన చేతిలో కొలువుందని జనం నమ్మారు. ఆ చేత్తో ముట్టించనిదే ఎవరూ విత్తనాలు చల్లేవారు కారు. ముట్టినందుకు పంటలో సగం ఆయనది. పంట పోతే మాత్రం అది రైతు ఖర్మ.

ఆ ఊళ్లో సేద్యం చేసుకునే పైడమ్మ అనే పేదరాలికీ ఆ చెయ్యంటే భక్తే. కానీ సగం పంట ఇచ్చేస్తే పిల్లలకు ఏడాదంతా గంజి ఎక్కడిది? బాగా ఆలోచించి, జొన్న విత్తనాలు రెండు బుట్టల్లో సమంగా పోసి తెచ్చింది.

"బాబుగారూ, ఒక్క బుట్టనే ముట్టండి. రెండోదానికంటే ఇందులో ఎంత ఎక్కువ పండితే అంతా మీదే. సగం కాదు, మొత్తం ఇచ్చేస్తాను."

శెట్టి పకపకా నవ్వాడు. "పిచ్చిదానా, ఆ రెండో బుట్టకి నీకు గడ్డే మిగిలేది! సరే, అలాగే కానీ" అని ఊరందరి ముందూ ఒక బుట్టను ముట్టాడు.

ఒకే చేలో చెరిసగం చల్లింది పైడమ్మ. ఆ ఏడు వానలు చల్లగా కురిశాయి. కోతలయ్యాక శెట్టి బండి కట్టించుకుని కళ్లానికి వచ్చాడు. వెనకే ఊరంతా వచ్చింది. రెండు రాశులూ కవలపిల్లల్లా ఉన్నాయి.

"ఇదేమిటే?" అన్నాడు శెట్టి.

"నాకూ ఒళ్లు జలదరిస్తోంది బాబూ. ఈ బుట్టను ముట్టింది మీరు. ఆ బుట్టను ముట్టినవాడు వాటా అడగనే లేదు."

శెట్టి తలపాగా తీసి, రెండో రాశికి రెండు చేతులూ జోడించాడు. ఆయన బండి ఖాళీగా ఇంటికి మళ్లడం ఊరు చూసింది ఆ రోజే.